పిల్లల ఫుట్‌బాల్ టోర్నీ పెడుతున్నారా? వయసు, టీమ్ లిస్టు సంగతి డ్రా కంటే ముందే తేల్చేయండి

మన హైదరాబాద్‌లో పిల్లల టోర్నీల్లో వయసు గొడవ ఎక్కువగా సెమీఫైనల్లోనే బయటపడుతుంది. లీగ్ మ్యాచ్‌లప్పుడు ఎవరికీ పట్టదు. ఓడిపోతున్నాం అనగానే "ఆ తొమ్మిదో నంబర్ కుర్రాడికి మీసాలొచ్చేశాయి, వాడు అండర్-13 ఏంటండీ" అంటూ తల్లిదండ్రులు రిఫరీ మీదికి వెళ్తారు, ఆ కుర్రాడేమో అక్కడే నిలబడి అంతా వింటుంటాడు. నిజంగా వాడి వయసు ఎక్కువే అయినా తప్పు చేసింది పెద్దవాళ్లు, మాటలు పడేది వాడు. అందుకే కాగితాల పని మొత్తం డ్రా తీయకముందే ముగించండి.

పోస్టర్ మీద ఉత్త "అండర్-13" అని వేస్తే చాలదు, తేదీ రాయండి. 2026లో టోర్నీ అయితే "2013 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు" అని స్పష్టంగా ఉండాలి. ఇది లేకపోతే ఒక్కో కోచ్ ఒక్కో లెక్క చెప్తాడు.

ఇక రుజువు. ఆధార్ ఒక్కటే తీసుకుని వదిలేయకండి, అది పుట్టినతేదీకి రుజువు కాదని 2024లో సుప్రీంకోర్టే చెప్పింది. బర్త్ సర్టిఫికెట్ అడగండి. అందులో పుట్టినతేదీ ఒక్కటే చూసి ఊరుకోకుండా రిజిస్ట్రేషన్ తేదీ కూడా చూడాలి, అసలు కిటుకంతా అక్కడే ఉంది. చట్టం ప్రకారం పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయించాలి, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. పన్నెండేళ్ల పిల్లాడికి నిరుడే రిజిస్ట్రేషన్ అయిందంటే మోసమని వెంటనే తేల్చేయక్కర్లేదు, ఇంట్లో కాన్పు అయి ఉండొచ్చు, ఊరు మారి ఉండొచ్చు. కానీ అలాంటప్పుడు ఇంకో పాత కాగితం అడగాలి. చిన్నప్పటి టీకాల కార్డు గానీ, మొదట చేర్పించిన స్కూల్ అడ్మిషన్ రికార్డు గానీ తెమ్మనండి. మన ఇళ్లల్లో చాలామందికి అసలు పుట్టినరోజు ఒకటి, సర్టిఫికెట్ పుట్టినరోజు ఇంకోటి ఉండటం కొత్తేమీ కాదు, స్కూల్లో వేసేటప్పుడు ఏదో ఒక తేదీ రాయించేయడం మామూలే. అందుకే స్కూల్ బోనఫైడ్ ఒక్కదాని మీద ఆధారపడకండి. ఒరిజినల్ చూసి వెనక్కి ఇచ్చేయండి, పిల్లల కాగితాల ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిప్పొద్దు.

"ఎముకల టెస్టు చేయిద్దాం సార్" అనేవాళ్లు ప్రతిసారీ ఒకరుంటారు. ఫిఫా 2009 నుంచి అబ్బాయిల అండర్-17 ప్రపంచకప్‌లో మణికట్టుకు ఎమ్మారై వాడుతోంది, మన దేశంలో టీడబ్ల్యూ3 అనే ఎక్స్‌రే పద్ధతి కూడా వాడుకలో ఉంది. ఇవి ఎముక ఎంత ఎదిగిందో చెప్తాయి గానీ పుట్టినతేదీ చెప్పవు. ఒకే ఏడాది పుట్టిన ఇద్దరిలో ఒకడు ముందే ఎదగొచ్చు. కాలనీ టోర్నీ కోసం పిల్లలకు ఎక్స్‌రేలు తీయించడం నాకైతే అస్సలు నచ్చదు. ఒడ్డూ పొడుగూ చూసి అనుమానించడమూ అంతే. జనవరిలో పుట్టినవాడికీ డిసెంబర్‌లో పుట్టినవాడికీ దాదాపు ఏడాది తేడా, ఇద్దరూ నిబంధన ప్రకారం సరైనవాళ్లే.

టీమ్ లిస్టు విషయంలో కిరాయి ప్లేయర్ల బెడద పెద్దది. పొద్దున ఒక అకాడమీకి, సాయంత్రం ఇంకో స్కూల్‌కి ఆడే పిల్లలున్నారు. ఒక పిల్లాడు ఒకే టీమ్‌కి ఆడాలని ముందే రాసిపెట్టండి. 18 పేర్లు, ఫొటోలు, జెర్సీ నంబర్లతో లిస్టు తీసుకుని మొదటి మ్యాచ్‌కి రెండ్రోజుల ముందు, డ్రా తీయకముందే మూసేయండి, ఆ తర్వాత దెబ్బ తగిలినా పేరు మార్చడం కుదరదని చెప్పండి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్) ఆటగాళ్ల నమోదు వ్యవస్థ సీఆర్ఎస్‌లో రిజిస్ట్రేషన్ ఉన్న పిల్లలైతే ఆ ఐడీ కూడా రాయించుకోండి. టోర్నీ పెట్టే అకాడమీకి కూడా టీమ్ ఉంటే, ఆ లిస్టు వేరే టీమ్ కోచ్ చూడాలి. ఈ ఒక్క పని చేస్తే సగం అనుమానాలు పోతాయి.

లిస్టులో పేరుండి మూడు మ్యాచ్‌లూ బెంచీ మీదే కూర్చున్న పిల్లాడి సంగతి కూడా చూడాలి కదా. పిల్లల పోటీల్లో బయటికెళ్లిన ఆటగాడు మళ్లీ లోపలికి రావచ్చు, ఆట నియమాల్లోనే ఆ వెసులుబాటు ఉంది. దాన్ని వాడుకుని, అండర్-13లో మ్యాచ్‌కి వచ్చిన ప్రతి పిల్లాడూ కనీసం ఒక సగంలో సగమైనా ఆడాలని పెట్టండి. 1962 ఆసియా క్రీడల్లో దేశానికి స్వర్ణం తెచ్చిన కోచ్ రహీం సాబ్ ఊరు ఇది. అలాంటి ఊళ్లో బక్కపల్చని పిల్లలు బంతి తాకకుండానే ఆట మానేస్తుంటే నాకు కడుపు మండిపోతుంది.

అభ్యంతరం ఉంటే మ్యాచ్‌కి ముందే రాతపూర్వకంగా ఇవ్వాలి, కొంత ఫీజు కట్టాలి, నిజమని తేలితే ఆ డబ్బు వెనక్కి. మ్యాచ్ అయ్యాక ఒప్పుకునేది ఒక్కటే, లిస్టులోని పిల్లాడి బదులు వేరేవాడు ఆడాడన్న ఫిర్యాదు, అదీ గంటలోపు. తప్పు రుజువైతే మ్యాచ్ అవతలి టీమ్‌కి 3-0 ఇచ్చి, నిషేధం కోచ్ మీద వేయండి. పిల్లాడి పేరు మైక్‌లో చదవొద్దు, వాళ్ల అమ్మానాన్నల్ని పక్కకు పిలిచి చెప్పండి, వాడి వయసుకు తగ్గ కేటగిరీలో వచ్చే టోర్నీకి పేరు రాసుకోండి.