సుంకి ఘాటీ దిగేటప్పుడు బండి గేరులోనే ఉండాలి

ఒడిశాలోని జైపూర్, కొరాపుట్, సిమిలిగుడ వైపు ఉండే మన తెలుగువాళ్లకి పెళ్లయినా, పండగైనా, పెద్దాసుపత్రి పనైనా విజయనగరమో విశాఖో వెళ్లక తప్పదు. వెళ్లాలంటే 26వ నంబరు జాతీయ రహదారి మీద పొట్టంగి దాటి, సుంకి ఘాటీ, అంటే కొండదారి, దిగి ఆంధ్రలోని సాలూరు చేరాలి. ఘాటీ ఎక్కేటప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు, దిగేటప్పుడే ధీమా వచ్చేస్తుంది. నాకు భయం అక్కడే.

రెండేళ్ల కిందట మా బావమరిది పెట్రోలు మిగులుతుందని కారును న్యూట్రల్‌లో వదిలేసి, ఒక్క బ్రేకు మీదే దించుతున్నాడు. నాలుగైదు మలుపులు తిరిగేసరికి కాలిన వాసన, ఆ వెంటనే పెడల్ మెత్తగా లోపలికి దిగిపోయింది. వెనక సీట్లో పిల్లలున్నారు. మూడో గేరు, తర్వాత రెండో గేరు వేయించి, హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా లాగుతూ కొండవైపు ఆపగలిగాం. చాలాసేపు ఎవరికీ నోట మాట రాలేదు.

బ్రేకు ఆగకుండా నొక్కి ఉంచితే ప్యాడ్లు వేడెక్కి పట్టు తప్పుతాయి, ఇంకా వేడెక్కితే బ్రేక్ ఆయిల్ మరిగి బుడగలు కడుతుంది, అప్పుడు ఎంత తొక్కినా బండి ఆగదు. అందుకని ఏ గేరులో ఆ ఘాటీ ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. పల్లం మొదలవకముందే గేరు తగ్గించుకోవాలి, వేగం అందుకున్నాక కాదు. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. వేగం పెరిగినప్పుడు బ్రేకు గట్టిగా కాసేపు నొక్కి పూర్తిగా వదిలేయండి. ఆటోమేటిక్ కారైతే ఎల్ (తక్కువ గేరు) లేదా మాన్యువల్ మోడ్‌లో పెట్టండి. స్కూటీకి గేర్లుండవు కాబట్టి రెండు బ్రేకులూ కలిపి వాడుతూ, మధ్యలో ఒకసారి రోడ్డు వెడల్పుగా ఉన్నచోట ఆపి చల్లారనివ్వండి.

పెట్రోలు మిగలడం కూడా ఉత్తమాటే. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోలు ఆపేస్తాయి, న్యూట్రల్‌లోనే ఇంజను తిరగడానికి తాగుతాయి. ఇంజను ఆపేసి దించడం ఇంకా ఘోరం, బ్రేకు రాయిలా బిగుసుకుపోతుంది, స్టీరింగు బరువెక్కుతుంది.

మలుపులోకి రాకముందే వేగం తగ్గించండి, హారన్ కొట్టండి, ఎడమ పక్కనే ఉండండి. పెద్ద లారీ తిరగాలంటే మీ వైపు రోడ్డు కూడా కావాలి. ఇరుకుచోట ఎక్కే బండికే దారివ్వాలని 2017 డ్రైవింగ్ నిబంధనల్లోనే ఉంది, ఎందుకంటే లోడుతో ఎక్కే లారీ ఎత్తులో ఆగిపోతే మళ్లీ కదలడం కష్టం, వెనక్కి జారినా జారుతుంది. ముందు లారీ నెమ్మదిగా దిగుతోందంటే ఆ డ్రైవరు సరిగ్గా నడుపుతున్నాడని అర్థం, దయచేసి వెనక నుంచి హారన్ కొట్టి కంగారు పెట్టకండి.

చలికాలం పొద్దున్నే కొరాపుట్ వైపు మంచు దట్టంగా పడుతుంది. హై బీమ్ వేస్తే ఆ వెలుగు మంచుకి తగిలి మన కళ్లలోనే పడుతుంది, లో బీమ్‌లో వెళ్లండి. ముందు బండి ఒక రాయి దాటాక మీరు అక్కడికి చేరేలోపు మూడు సెకన్లు పట్టాలి, వానలో, మంచులో ఆరు.

హెల్మెట్ విషయం. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం హెల్మెట్ లేకపోతే 1,000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దయ్యే అవకాశం. వెనక కూర్చున్నవాళ్లకీ, నాలుగేళ్లు దాటిన పిల్లలకీ అదే రూలు. నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం పద్దెనిమిది నిండని పిల్లలకి తాళాలివ్వడం. పట్టుబడితే తండ్రికి లేదా బండి యజమానికి 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు, ఆ పిల్లాడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్సు రాదు. ఇవన్నీ తర్వాతి మాట, ముందు పిల్లాడు ఇంటికి రావాలి కదా.

బండి కాగితాలు, లైసెన్సు డిజిలాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో చూపించినా రెండు రాష్ట్రాల్లోనూ చెల్లుతాయి. ఘాటీలో సిగ్నల్ పోతుంది కాబట్టి బయల్దేరకముందే తెరిచి ఉంచుకోండి.

దారిలో ప్రమాదం కనబడితే 108కో 112కో ఫోన్ చేయండి. సాయం చేసినవాళ్లకి మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ రక్షణ ఉంది, మీ పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. ఫోనులో మాత్రం కిలోమీటరు రాయి మీది నంబరు, మీరు సాలూరు వైపు వెళ్తున్నారా పొట్టంగి వైపా అన్నది కచ్చితంగా చెప్పండి, వట్టిగా "మలుపు దగ్గర" అంటే అంబులెన్సు డ్రైవరుకి ఏ మలుపో తెలీదు.