కారు షెడ్డును గదిగా మార్చుకోవడం ఎలా?

విజయవాడ, గుంటూరుల్లోని పాత సొంత ఇళ్లలో కారు షెడ్డు చాలాచోట్ల పాత సామాను కొట్టుగా మిగిలిపోతోంది. దానిని పెద్దవాళ్లకు పడక గదిగానో, పిల్లలకు చదువుకునే గదిగానో మార్చుకోవాలనుకోవడం మంచి ఆలోచనే. అయితే షట్టరు తీసి గోడ కట్టి, టైల్స్ పరిచి, ఏసీ బిగించిన గదులు తొలి వానాకాలానికే నెమ్మెక్కి, గోడలకు ఉప్పు పూసి, మనిషి పడుకోలేని స్థితికి రావడం నేను పదేపదే చూశాను. ఇలాంటి గదులను దగ్గరుండి చేయించిన అనుభవంతో చెబుతున్నాను, ఈ పనిలో కష్టమంతా నేలలోనే ఉంది.

ముందుగా కార్పొరేషన్ ఆమోదించిన ఇంటి ప్లాను తీసి చూడాలి. అందులో పార్కింగ్‌గా చూపిన చోటును అనుమతి లేకుండా గదిగా మార్చకూడదు. అపార్టుమెంటు స్టిల్టులో, అంటే స్తంభాల మధ్య కింద వదిలిన పార్కింగ్ చోటులోనైతే, ఈ ఆలోచనే వద్దు. సొంత ఇంటివారు లైసెన్సు ఉన్న ఇంజినీరుతో సవరించిన ప్లాను గీయించి, అనుమతి చేతికొచ్చాకే పలుగు పట్టించాలి. షెడ్డు ఎత్తును కూడా అప్పుడే కొలిపించాలి. మనుషులు ఉండే గదికి జాతీయ భవన నిర్మాణ స్మృతి 2.75 మీటర్ల ఎత్తు, అంటే సుమారు 9 అడుగులు, ఉండాలంటుంది. నేలను పెంచిన తరువాత మిగిలే ఎత్తునే లెక్కలోకి తీసుకోవాలి.

ఇక నేల సంగతి. కారు ఎక్కిదిగడానికి వీలుగా షెడ్డు నేలను రోడ్డు మట్టానికి దగ్గరగా, బయటికి వాలుగా వేస్తారు. రోడ్డును తిరిగి వేసిన ప్రతిసారీ అది కాస్త పెరుగుతుంది కనుక, ఒకప్పుడు బయటికి పోయిన వాననీరు ఇప్పుడు లోపలికి వస్తుంది. కంటికి కనిపించే ఈ నీటికన్నా, మట్టిలోంచి కాంక్రీటు సన్నని రంధ్రాల గుండా పైకి పాకే తడి మరింత చేటు చేస్తుంది. దానిని పట్టుకోవడానికి 2 అడుగుల పాలిథిన్ ముక్కను నేల మీద పరిచి, నాలుగు అంచులకూ టేపు వేసి ఒక రోజు వదిలేయాలి. ఎత్తి చూసినప్పుడు అడుగున చెమ్మ పట్టినా, నేల రంగు నల్లబడినా తడి కిందినుంచే వస్తున్నట్టు. ఈ పరీక్ష మే నెలలో చేస్తే నేల అబద్ధం చెబుతుంది, వానలు పడిన తరువాతే చేయాలి.

చాలామంది మేస్త్రీలు పైన వాటర్‌ప్రూఫ్ రంగు పూస్తే చాలంటారు. అది చాలదు. నీరు అడుగునుంచి తోసుకొస్తున్నప్పుడు పైన పూసిన పూత పొక్కులు కట్టి ఊడిపోతుంది. అడ్డు కాంక్రీటుకు కిందనే ఉండాలి. పాత నేలను పగలగొట్టించి, నల్లరేగడి కనిపిస్తే, పునాది కదలకుండా, అడుగున్నర వరకు తీయించాలి. గుంటూరు చుట్టుపక్కల విస్తారంగా ఉన్న ఈ మట్టి తడికి ఉబ్బి, ఎండకు బీటలిస్తూ పైనున్న నేలను చీలుస్తుంది. ఆ గోతిని ఎర్ర గ్రావెల్‌తో నింపుతూ ప్రతి 6 అంగుళాల పొరనూ తడిపి దిమ్మిస కొట్టించాలి. ఒకేసారి పోసి పైపైన కొట్టిస్తే ఏడాదికే కుంగుతుంది. కొత్త నేల రోడ్డు కన్నా కనీసం 9 అంగుళాలు ఎత్తుగా ఉండేలా మట్టం పెట్టుకోవాలి.

గ్రావెల్ మీద 2 అంగుళాల ఇసుక, దాని మీద 250 మైక్రాన్ల పాలిథిన్ షీటు పరిచి, అతుకుల వద్ద అడుగు మేర ఒకదానిపై ఒకటి వచ్చేలా వేసి టేపు అంటించాలి. గోడ వెంబడి షీటును కొత్త నేల మట్టం దాకా పైకి మడవాలి. ఆ మడత లేకపోతే తడి మూలల్లోంచి గోడెక్కుతుంది. కాంక్రీటు తట్టలు మోసేవారి కాళ్ల కింద షీటు చిరుగుతుంది కనుక నడవడానికి చెక్కలు వేయించి, ఆ పూట ఇంటి యజమాని అక్కడి నుంచి కదలకూడదు. ఒక్క చిల్లు పడినా అతుకు వేయించి తీరాలి. పైన 4 అంగుళాల మందాన సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్లలో కలిపిన కాంక్రీటు పోయించి, కనీసం 7 రోజులు నీళ్లు కట్టించి, నాలుగు వారాలు ఆరనివ్వాలి. చెక్క ఫ్లోరింగ్, వినైల్ షీట్లు ఈ గదికి పనికిరావు. బేతంచర్ల బండలే పరవాలి.

ఇంత చేసినా 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ముంచిన సింగ్‌నగర్ వంటి లోతట్టు చోట్ల షెడ్డును పెద్దవాళ్ల పడక గదిగా మార్చవద్దు. 9 అంగుళాల ఎత్తు వాన నీటిని ఆపుతుంది కానీ వరదను ఆపలేదు.

మిగిలినది తేలిక. షట్టరు చోట కట్టే గోడకు కింద కాంక్రీటు బెడ్డు వేయించి, స్తంభాలకు ఇనుప కడ్డీలతో కట్టించాలి. మన ఉక్కపోత వాతావరణానికి కిటికీలు, గాలి రంధ్రాలు నేల వైశాల్యంలో ఆరో వంతు ఉండాలి. 180 చదరపు అడుగుల షెడ్డుకు అది 30 చదరపు అడుగులు. ఏసీకి మెయిన్ బోర్డు నుంచి విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటును ఆపే స్విచ్చి), ఎర్త్ ఇప్పించాలి. గోడల ప్లాస్టరు పూర్తిగా ఆరిన తరువాతే లప్పం పెట్టించాలి. బీరువాను గోడకు ఆనించకుండా 3 అంగుళాలు ఎడంగా పెట్టుకుంటే, వెనక గోడకు గాలి ఆడుతుంది.