కాలినడకన శ్రీశైలం, నాలుగవ పాఠం: నడక ఆగిన చోటే పడక వెతకవద్దు

ఊరి గుడి మండపంలోనో, బడి వరండాలోనో అనుమతి తీసుకుని రాత్రి గడపవచ్చునని గత పాఠంలో వ్రాసినప్పటి నుండి వచ్చిన ఫిర్యాదులన్నీ దాదాపు ఒకే తీరుగా ఉన్నాయి: చీకటి పడ్డాక ఊరికి చేరారు, ఎదురుపడిన మొదటి మనిషిని అడిగారు, ఆయన కుదరదన్నాడు. ఆయన చేతిలో తాళం లేనప్పుడు ఇంకేమంటాడు? బడి తాళం ప్రధానోపాధ్యాయుని వద్ద, పంచాయతీ కార్యాలయం తాళం అక్కడి సిబ్బందిలో ఒకరైన కారోబారు వద్ద ఉంటాయి. పంచాయతీ కార్యదర్శి సాయంత్రానికి తన ఊరు వెళ్ళిపోతారు. కాబట్టి మధ్యాహ్నం మూడు గంటలలోపే అడగాలి. గుడి అయితే సాయంత్రపు హారతి ముగిసేలోపు పూజారిగారిని కలవాలి. పెళ్ళి ముహూర్తాలు లేని ఆషాఢంలోనూ, మూఢాలలోనూ ఫంక్షన్ హాళ్ళు ఖాళీగా ఉంటాయి; నలుగురైదుగురు కలిసి నడిచేవారు అక్కడి వాచ్‌మన్ ద్వారా యజమానిని అడిగితే లాడ్జి కంటే చౌకగా ఒక హాలు దొరకవచ్చు.

ఇక ఈనాటి పాఠం. నడక ఎక్కడ ఆగితే అక్కడే పడుకోవాలన్న నియమం ఏదీ లేదు. హైదరాబాదు నుండి శ్రీశైలం రహదారిలో కడ్తాల్, ఆమనగల్లు, వెల్దండ, కొట్ర చౌరస్తా, వంగూరు గేటు, డిండి, హాజీపూర్, మన్ననూరు వరుసగా వస్తాయి. వీటిలో చాలా చోట్ల చౌకైన గది వెతకడం వృథా శ్రమ. ఆర్టీసీ డిపోలున్న కల్వకుర్తి, దేవరకొండ, అచ్చంపేట పట్టణాలు మాత్రం ఈ దారికి కొద్ది దూరంలోనే ఉన్నాయి. కొట్ర నుండి కల్వకుర్తికి, డిండి నుండి దేవరకొండకు, హాజీపూర్ నుండి అచ్చంపేటకు బస్సులో వెళ్ళి పడుకుని, మర్నాడు అదే చోట దిగి నడక కొనసాగిస్తే ఒక్క అడుగు కూడా తప్పిపోదు. నేనైతే కల్వకుర్తిలో వరుసగా రెండు రాత్రులు ఒకే గదిలో ఉంటాను. మధ్య రోజున మూట మోయవలసిన పని ఉండదు, రెండు రాత్రులకు కలిపి అద్దె తగ్గించమని అడగడానికీ వీలుంటుంది. స్త్రీలకు 2023 డిసెంబరు 9 నుండి అమలులో ఉన్న మహాలక్ష్మి పథకం కింద తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణం ఉచితం. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపాలి.

ఈ పద్ధతిలో ఒక ఉచ్చు ఉన్నది. ఎన్నిసార్లు చెప్పినా అందులోనే పడుతున్నారు గనుక విసుగు అణచుకుని మరొకసారి చెబుతాను. రహదారి విడిచి లోపలి ఊళ్ళ మీదుగా నడిచేవారు టీ కొట్టులో "చివరి బస్సు ఎప్పుడు?" అని అడుగుతారు. "ఏడున్నరకు" అని జవాబు వస్తుంది, అది నిజమే. కానీ ఆ బస్సు పట్టణం నుండి ఊరికి వచ్చే నైట్ హాల్ట్ బస్సు. రాత్రి అక్కడే నిలిచి, తెల్లవారుజామున పట్టణానికి తిరిగి వెళ్తుంది. మీకు కావలసింది దానికి ముందు పట్టణం వైపు వెళ్ళిన బస్సు, అది ఐదింటికే వెళ్ళిపోయి ఉండవచ్చు. ఉదయం కూడా ఇదే తలకిందుల వ్యవహారం: తొలి బస్సు ఊరి నుండి పట్టణానికి వస్తుంది, పట్టణంలో పడుకున్న మీరు ఊరికి చేరాలంటే ఆ తర్వాతి బస్సు కోసం వేచి ఉండాలి, ఈలోగా ఎండ ముదురుతుంది. అందువల్ల "ఇక్కడి నుండి అచ్చంపేటకు చివరి బస్సు ఎప్పుడు? అచ్చంపేట నుండి ఇక్కడికి మొదటి బస్సు ఎప్పుడు?" అని ఊరి పేరు, దిక్కు రెండూ చెప్పి అడగండి. కొట్టువారిని కాదు, కండక్టరును అడగండి. ఎక్స్‌ప్రెస్ చిన్న స్టేజీలలో ఆగుతుందో లేదో కూడా అప్పుడే తేల్చుకోండి.

మన్ననూరు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలవుతుంది. రాత్రి తొమ్మిది నుండి ఉదయం ఆరు వరకు అక్కడ వాహనాలను అనుమతించరు. దారి పక్కన పడక వేసే ఆలోచన అసలు వద్దు. నడిచే తీరుతామనేవారు చెక్‌పోస్టులో అటవీ సిబ్బంది మాట విని నడుచుకోవాలి. శ్రీశైలానికి ముందు వచ్చే దోమలపెంట వరకు బస్సెక్కడమే నా సలహా, దానికి భక్తి తగ్గిందన్నవారితో నేను వాదించను. శ్రీశైలంలోని సత్రాల సంగతి వచ్చే పాఠంలో. అంతవరకు శివరాత్రి, ఉగాది, కార్తిక సోమవారాలకు మాత్రం ప్రయాణం పెట్టుకోవద్దు.

అభ్యాసం: ఆమనగల్లు నుండి డిండి వరకు మీ శక్తికి తగిన రోజులుగా విభజించండి. ప్రతి సాయంత్రం పట్టణానికి చివరి బస్సు, ప్రతి ఉదయం తిరుగు బస్సు వేళలను డిపోలో విచారించి వ్రాసుకోండి. ఆ పట్టణాలలో కనీసం మూడేసి లాడ్జీలకు ఫోను చేసి, ఒంటరి వ్యక్తికి గది ఇస్తారా, అద్దె దిగిన గంట నుండి లెక్కిస్తారా లేక మధ్యాహ్నానికే ఖాళీ చేయాలా అని అడగండి. బయానా మాత్రం ఎవరికీ పంపవద్దు. మూడవ రోజున కాలికి బొబ్బలెక్కితే ఆ సొమ్ము తిరిగి రాదు.