బైకు చైను మనమే బిగించుకోవడం

సొంతంగా మరమ్మతులు నేర్చుకోదలచినవారు ఇంజను జోలికి పోకుండా మొదట చైనుతో ప్రారంభించడం మంచిది. కళింగపట్నం వంటి తీర గ్రామాల్లో ఉప్పుగాలికి చైను త్వరగా తుప్పు పడుతుంది కనుక, శ్రీకాకుళం వైపు ఈ పని తరచుగానే తగులుతుంది.

బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, ఇంజను ఆపి, గేరును న్యూట్రల్‌లో ఉంచి, చైను కింది వరుసను నడిమధ్యన వేలితో పైకీ కిందికీ కదిపి చూడాలి. సాధారణ బండ్లలో ఆ కదలిక సుమారు 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉంటుంది. కచ్చితమైన కొలత బండితో ఇచ్చిన పుస్తకంలో దొరుకుతుంది. చైను అన్నిచోట్లా ఒకేలా సాగదు కాబట్టి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ అన్నిటికంటే బిగువుగా ఉన్న చోటనే కొలవాలి. ఈ సంగతి తెలియని రోజుల్లో నేను వదులుగా ఉన్నచోట కొలిచి బిగించాను. ఇంటికి చేరేదాకా చైను మూలుగుతూనే ఉంది.

వెనుక ఇరుసు నట్టును, స్లీవ్ నట్టు (అదే ఇరుసు మీద చైను వైపు ఉండే పెద్ద నట్టు) ఉంటే దానినీ వదులుచేసి, రెండువైపులా అడ్జస్టర్లను, అంటే చైను బిగువును సరిచేసే మరలను, పక్కనున్న గీతలు చూసుకుంటూ సమానంగా తిప్పాలి. లేకపోతే చక్రం వంకరగా నిలుస్తుంది. నట్లు గట్టిగా బిగించాక మళ్ళీ కొలిచి, డ్రమ్ బ్రేకు అయితే పెడల్ ఆటను, అంటే బ్రేకు పట్టేలోపు పెడల్ ఊరికే కదిలే దూరాన్ని, కూడా సరిచేయాలి. చివరగా కిరోసిన్ గుడ్డతో తుడిచి, 90 నంబరు గేరు ఆయిల్ పలుచగా పూయాలి. ఇంజను నడుస్తుండగా మాత్రం చైను దగ్గరకు గుడ్డను గానీ వేలిని గానీ తీసుకుపోకూడదు.