సముద్రమట్టం పాత రికార్డుల్లో తేడా కనిపిస్తే ఏం చేయాలి?

నల్గొండకు సముద్రం దూరమే. కానీ సాగర్ నిండితే పేపర్లో వచ్చే 590 అడుగులు, శ్రీశైలం 885 అడుగులు సముద్రమట్టం నుంచి లెక్కించినవే. ఆ సున్నా ఎక్కడుందో తేల్చింది రేవుల్లోని ఆటుపోట్ల గేజీలు. 1909లో ముగిసిన సర్వే కోసం కరాచీ నుంచి ఒడిశాలోని ఫాల్స్ పాయింట్ దాకా తొమ్మిది రేవుల సగటు మట్టాలు తీసుకున్నారు. విశాఖపట్నం వాటిలో ఒకటి. అందుకే మా డిగ్రీ పిల్లలు ఈ గేజీల మీద ప్రాజెక్టు చేస్తామంటే నాకు సంతోషం. లివర్‌పూల్‌లో 1933 నుంచి ప్రపంచ రికార్డులు సేకరిస్తున్న పీఎస్‌ఎంఎస్‌ఎల్ సంస్థ నుంచి నెలవారీ సగటులు దించుకుంటారు. గ్రాఫ్ గీయగానే టెన్షన్ మొదలవుతుంది. వాళ్లు తెచ్చే సమస్యలు ఎక్కువగా ఇవే.

"సార్, గీత ఒక్కసారిగా పాతాళానికి పోయింది."
ఫైల్లో -99999 అని ఉంటే ఆ నెల లెక్క లేదని అర్థం. ఆ గడిని ఖాళీగా ఉంచండి, సున్నా పెట్టకండి. మిగతా అంకెలు 7000 దగ్గర ఉన్నాయని కూడా కంగారు వద్దు. అవి మిల్లీమీటర్లు. రుణసంఖ్యలు రాకుండా ఆధార మట్టాన్ని సగటు కంటే దాదాపు ఏడు మీటర్లు కిందికి పెట్టుకున్నారు.

"ఒక నెల నుంచి గీత మెట్టులా పైకి లేచి అక్కడే ఉండిపోయింది."
అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. మన చెరువు సంగతి తీసుకోండి. కట్ట మరమ్మతు చేసినప్పుడు తూము దగ్గరి గేజీ రాయిని పెకిలించి, జానెడు కిందికి పాతారనుకుందాం. మత్తడి దుంకే మట్టం మారదు, గేజీ మీద అంకె మాత్రం పెరుగుతుంది. రేవులో కూడా అంతే. జెట్టీ మార్చినా, కొత్త గేజీ పెట్టినా, ఎత్తు ముందే తేల్చిన స్థిరమైన గుర్తుతో, అంటే గట్టు మీది బెంచ్‌మార్క్‌తో దాన్ని మళ్లీ కలపకపోతే రికార్డు విరిగిపోతుంది.

మొదట మీ దగ్గరున్నది ఏ ఫైలో చూడండి. 'మెట్రిక్' ఫైల్లో ఈ అతుకులు సరిచేసి ఉండవు. బెంచ్‌మార్క్ చరిత్ర చూసి ఒకే ఆధారానికి తెచ్చిన రికార్డు 'ఆర్‌ఎల్‌ఆర్'. మొదటి ఏడాది నేను ఈ తేడా గమనించకుండా మెట్రిక్ ఫైలుతోనే పెరుగుదల లెక్క కట్టించాను. గేజీ మార్పును సముద్రం పెరగడం అని పిల్లలతో రాయించాను. తెలిసిన రోజు వాళ్లను కూర్చోబెట్టి మళ్లీ చేయించాను.

ఆర్‌ఎల్‌ఆర్‌లోనూ మెట్టు ఉంటే పక్క రేవులతో పోల్చండి. మీది విశాఖ గేజీ అయితే దాని అంకెల నుంచి పారాదీప్ అంకెలు తీసేసి, ఆ తేడాకు గ్రాఫ్ గీయండి. చెన్నైతోనూ అలాగే చేయండి. రెండు తేడాల్లోనూ మెట్టు ఉంటే అనుమానం విశాఖ గేజీ మీదే. తేడాల్లో మెట్టు మాయమైతే మార్పు సముద్రానిది. గేజీదే తప్పని తేలినా కంటి అంచనాతో జరపకండి. ఎంత జరపాలో మీరే నిర్ణయిస్తే, పెరుగుదల ఎంతో కూడా మీరే నిర్ణయించినట్టు అవుతుంది. రికార్డును రెండు ముక్కలుగానే లెక్కించండి.

ప్రతి మెట్టూ తప్పు కాదు. 2004 డిసెంబర్ 26 భూకంపంలో పోర్ట్ బ్లెయిర్ దగ్గర నేల దాదాపు ఒక మీటరు కుంగింది. అలాంటి చోట గేజీ చెప్పేది నిజమే, దిగింది నేల.

"ఈ ఒక్క ఊళ్లోనే సముద్రం ఇంత వేగంగా పెరుగుతోందా?"
గేజీ కొలిచేది నేలకూ నీటికీ మధ్య ఎత్తు. బెంగాల్లోని డైమండ్ హార్బర్ డెల్టా మీద ఉంది, అక్కడ ఒండ్రు కుంగుతోంది. స్టాక్‌హోమ్‌లో మంచుయుగపు బరువు తొలగి నేల లేస్తోంది కాబట్టి మట్టం తగ్గుతున్నట్టు కనిపిస్తుంది. గేజీ పక్కన జీపీఎస్ కొలతలుంటే నేల కదలికను తీసేయండి. లేకపోతే 'నేలతో పోల్చిన మట్టం' అని స్పష్టంగా రాయండి.

"పోటు ఎత్తు ఏటేటా తగ్గుతోంది."
ఇది గంటగంట రికార్డులోనే కనిపిస్తుంది. పాత గేజీలో బావిలాంటి గొట్టం, అందులో తేలే బుంగ, డ్రమ్ముకు చుట్టిన కాగితం, దాని మీద పెన్ను గీసే గీత. గొట్టం అడుగున ఉన్న రంధ్రం ఒండ్రుతో, గవ్వలతో పూడితే పోటు పూర్తిగా ఎక్కదు, ఆటు పూర్తిగా దిగదు, రెండూ ఆలస్యమవుతాయి. నెల సగటు మాత్రం బాగానే ఉన్నట్టు కనిపించి మోసం చేస్తుంది. 12 గంటల 25 నిమిషాలకు వచ్చే చంద్రుడి పోటు ఎత్తును ఏడాదివారీగా లెక్కించండి. మెల్లగా తగ్గి ఒక్కసారిగా మామూలు స్థితికి వస్తే గొట్టం శుభ్రం చేశారన్నమాట. చంద్రుడి కక్ష్య వంపు మారే 18.6 ఏళ్ల చక్రంలో ఈ పోటు సహజంగానే నాలుగు శాతం దాకా అటూ ఇటూ అవుతుంది, దాన్ని తప్పనుకోకండి.

ఎత్తు సరిగ్గా ఉండి సమయం మాత్రం జరిగితే గడియారాన్ని, ఏ కాలమానంలో రాశారన్నదాన్ని అనుమానించండి. భారత ప్రామాణిక కాలం 1906లో వచ్చినా, బొంబాయి తన సొంత కాలాన్ని 1955 దాకా వదల్లేదు.

"మార్చి నుంచి అక్టోబర్‌కే ఇంత పెరిగింది!"
బంగాళాఖాతం తీరంలో నీరు మార్చి ప్రాంతంలో తక్కువగా, బతుకమ్మ, దీపావళి రోజుల్లో ఎక్కువగా ఉంటుంది. ఏటా ఇదే తీరు. అక్టోబర్, నవంబర్ లెక్కలు లేని ఏడాదికి సగటు కడితే అది తప్పకుండా తక్కువ వస్తుంది. ముందు ప్రతి నెల నుంచి ఆ నెల దీర్ఘకాల సగటును తీసేయండి. పెరుగుదల చెప్పాలంటే కనీసం యాభై ఏళ్ల రికార్డు తీసుకోండి. ముంబైలో 1878 నుంచి ఉంది.

"ఒక్క రోజు అంకె మరీ ఎక్కువ. తీసేయాలా?"
ముందు తేదీ చూడండి. 2014 అక్టోబర్ 12 అయితే విశాఖను హుద్‌హుద్ తాకిన రోజు. వాయుపీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గితేనే నీరు సుమారు సెంటీమీటరు లేస్తుంది, గాలి తోపుడు దానికి అదనం. కారణం దొరికితే ఉంచండి. తీసేయక తప్పకపోతే అసలు అంకెల కాలమ్‌ను ముట్టుకోకుండా పక్క కాలమ్‌లో తీసేసి, తేదీ, కారణం, మీ పేరు రాయండి.