మామిడి కోతకు ముందే పండు ఈగను ఆపాలంటే

మామిడి కాయ నిమ్మకాయ సైజు దాటిందంటే పూత రసం పీల్చే తేనెమంచు పురుగు టెన్షన్ తగ్గి, పండు ఈగ గురించి ఆలోచించడం మొదలుపెట్టాలి. చాలామంది దీన్ని పట్టించుకునేది మాత్రం కాయలు కోసి, మాగేసి, పండు కోస్తే లోపల తెల్ల పురుగులు కనబడ్డాకే. అప్పటికి చేసేదేమీ ఉండదు. పురుగు కండలోకి వెళ్లాక పైన ఏ మందు కొట్టినా దాన్ని చేరదు. పని అంతా కోతకు నెలన్నర, రెండు నెలల ముందే జరగాలి.

వంటింట్లో మాగిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలు ఇవి కావు. అవి డ్రోసోఫిలా, వేరే కుటుంబం. మామిడి తోటకు వాటితో భయం లేదు. పైగా సైన్సు వాటికి చాలా రుణపడి ఉంది. 1910లో అమెరికాలో థామస్ హంట్ మోర్గాన్ అనే శాస్త్రవేత్తకు దొరికిన తెల్ల కళ్ల ఈగ జన్యుశాస్త్రానికి దారి వేసింది. శరీరంలోని గడియారం గుట్టు విప్పినందుకు 2017లో ఇచ్చిన నోబెల్ కూడా ఆ ఈగల మీద చేసిన పనికే. మన తోటను ముంచేవి టెఫ్రిటిడే కుటుంబంలోవి. వాటిలో ముఖ్యమైనది బాక్ట్రోసెరా డోర్సాలిస్. సుమారు ఇంటి ఈగంత ఉంటుంది, వీపు మీద పసుపు పట్టీలు, పారదర్శకమైన రెక్కలకు అంచున గోధుమరంగు గీత.

తల్లి ఈగ తోక చివరి సూదితో పక్వానికి వస్తున్న కాయ తొక్కను పొడిచి లోపల గుడ్లు పెడుతుంది. ఆ చోట గుండుసూది గుచ్చినంత మచ్చ, ఒక్కోసారి చిన్న సొన బొట్టు. ఒకటి రెండు రోజుల్లో గుడ్లు పొదిగి పురుగులు కండ తినడం మొదలుపెడతాయి, మచ్చ చుట్టూ కాయ మెత్తబడుతుంది, చివరికి రాలిపోతుంది. రాలిన కాయను కోసి చూడండి, బాగా ఎదిగిన పురుగు ఒళ్లు వంచి ఎగిరి అవతల పడుతుంది. మట్టిలోకి దూరడానికి దాని తొందర అది. పైపొరలోనే గూడు కట్టుకుని, వేసవిలో పది రోజులు తిరక్కుండానే ఈగై లేస్తుంది.

అందుకే నా లెక్కలో మొదటి జాగ్రత్త మందు కాదు, రాలిన కాయ. రోజూ కాకపోయినా రోజు విడిచి రోజైనా ఏరించండి. ఏరి గట్టు మీద గుట్ట పోస్తే ఈగలను పెంచినట్టే. రెండు మూడు అడుగుల లోతున పూడ్చండి, లేదా మందపాటి పాలిథిన్ సంచిలో వేసి మూతి బిగించి ఎండలో పడేయండి. తోటలో జామ చెట్లుంటే వాటి కిందా ఏరాలి, మామిడి లేనప్పుడు ఈగ బతికేది అక్కడే. చెట్ల కింద పైపైన దున్నితే గూళ్లు బయటపడి ఎండకు, పిట్టలకు పోతాయి.

రెండోది మిథైల్ యూజినాల్ బుట్టలు, అంటే ఆ రసాయనం వాసనతో మగ ఈగలను లాగి చంపే ఎర బుట్టలు. 1910ల్లో బీహార్‌లోని పూసాలో హౌలెట్ అనే కీటక శాస్త్రవేత్త ఈ ఈగల్లో మగవి కొన్ని వాసనలకు పిచ్చిగా ఎగబడతాయని గమనించాడు. ఈ రసాయనం తులసిలోనూ ఉంటుంది, తులసి ఆకుల మీద మగ ఈగలు వాలేది అందుకే. కోతకు 45 నుంచి 60 రోజుల ముందు ఎకరాకు పది బుట్టల లెక్కన, అయిదారు అడుగుల ఎత్తులో, కొమ్మల నీడలో కట్టండి. లోపలి ప్లైవుడ్ ముక్కను ఆల్కహాల్ 6, మిథైల్ యూజినాల్ 4, మలాథియాన్ పురుగుమందు 1 పాళ్ల ద్రావణంలో నానబెడతారు. చేతులకు గ్లవ్స్ లేకుండా ఆ పని వద్దు. తయారుగా దొరికే ముక్కలు కొనుక్కోవడమే సులువు. చీమలు చచ్చిన ఈగలను ఎత్తుకుపోకుండా తీగకు గ్రీజు రాయండి. నెలన్నర, రెండు నెలలకు ముక్క మార్చాలి.

బుట్ట నిండా ఈగలు పడ్డాయని నిశ్చింతగా ఉండకండి. పడేవన్నీ మగవే. మిగిలిన ఒక్క మగ ఈగ చాలా ఆడ ఈగలతో జతకట్టగలదు. పక్క తోట నుంచి ఆడవి ఎగిరొస్తే మీ బుట్టలు వాటిని ఆపలేవు. కాబట్టి చుట్టుపక్కల రైతులంతా ఒకేసారి కట్టించండి, ఒక్కరి తోటలో కడితే సగం ఖర్చు వృథా.

కూలీలు దొరికితే కాయ కోడిగుడ్డు సైజులో ఉన్నప్పుడే కాగితం కవర్లు కట్టించండి. ఖర్చే, కానీ ఎగుమతి కాయకు ఇంతకంటే గట్టి రక్షణ లేదు. మందు తప్పనిసరి అయితే చెట్టంతా తడపకుండా, బెల్లం కలిపిన ఎర మందును మొదళ్ల మీద, కింది కొమ్మల మీద మాత్రమే కొట్టండి. ఏ మందు, ఎంత మోతాదు అన్నది వ్యవసాయ అధికారిని అడగండి, మందు కొట్టాక ఇన్ని రోజులు ఆగాలని డబ్బా మీద రాసిన గడువు లోపల కాయ కోయకండి.

కోత ఆలస్యం చేయకండి. కాయ చెట్టు మీదే మాగుతుంటే, పైగా ఒకట్రెండు వానలు పడితే ఈగ విజృంభిస్తుంది. ఎగుమతికి వెళ్లే కాయను 48 డిగ్రీల వేడి నీళ్లలో గంటసేపు ఉంచి గుడ్లను, పురుగులను చంపుతారు. ఈ ఈగ భయంతోనే 2014 మేలో యూరప్ మన మామిడిని ఆపేసింది, 2015 జనవరిలో మళ్లీ అనుమతించింది. అమెరికాకు మన కాయ రేడియేషన్ చేశాకే వెళ్తుంది. అక్కడున్న పిల్లల కోసమని సూట్‌కేసులో బంగినపల్లి సర్దే పెద్దవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి: ఎయిర్‌పోర్టులో కాయలు తీసేసుకుంటారు, చెప్పకుండా దాచిపెడితే ఫైన్ కూడా పడుతుంది.