తక్కువ ఖర్చులో ఇంటికి ఆవిరి మిషన్ ఎంచుకోవడం ఎలా?

మా నెల్లూరుకు అసలు వానలు అక్టోబరులో మొదలవుతాయి. డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలే. ఆ మూడు నెలల్లో ఇంట్లో ఎవరో ఒకరికి ముక్కు పట్టేయడం, గొంతు బొంగురుపోవడం మామూలే. అమ్మ గిన్నెలో వావిలాకు మరిగించి, దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టేది. వయసు మీద పడ్డాక మరిగే గిన్నె ముందు కూర్చోబెట్టాలంటే నాకే భయమేసి, షాపులో అన్నిటికన్నా చవకైన ఆవిరి మిషన్ తెచ్చాను.

మా వీధిలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లు పోసి స్విచ్ వేయగానే మిషన్ కుతకుతలాడి, మూత పక్కనుంచి వేడినీళ్లు చిమ్మి అమ్మ మణికట్టు కాలింది. దాన్ని పక్కన పడేశాం. తర్వాత ఒకసారి కనిగిరి వైపు మా అత్తగారింటికి వెళ్లినప్పుడు అదే మిషన్ పట్టుకెళ్లాను. ఆ ప్రాంతంలో భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి వాళ్లు తాగేది క్యాన్ నీళ్లు. అవే పోశాం. పావుగంటైనా ఆవిరి రాలేదు. మిషన్ పాడైపోయిందనుకున్నాం. పక్కింటి ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, "మిషన్ బాగానే ఉందన్నా, నీళ్లలోనే ఉప్పు లేదు" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఏ మిషన్ కొనాలో నాకు అర్థమైంది.

ముందు ఇంటి నీళ్లు చూసుకోండి

చవక మిషన్లు చాలావరకు ఎలక్ట్రోడ్ రకం. నీళ్ల గిన్నెలోకి రెండు లోహపు కడ్డీలు దిగి ఉంటాయి. వాటిలో వేరే హీటర్ ఏదీ ఉండదు. కరెంటు ఒక కడ్డీ నుంచి రెండో కడ్డీకి నీళ్లలోంచే పోతుంది, ఆ దారిలో నీళ్లు వేడెక్కి ఆవిరవుతాయి. నీళ్లలో లవణాలు ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ కరెంటు లాగుతుంది. అందుకే ఉప్పు బోరు నీళ్లకు మిషన్ పొంగి చిమ్ముతుంది, ఒక్కోసారి ట్రిప్పర్ కూడా పడిపోతుంది. ఆర్ఓ నీళ్లలో లవణాలు బాగా తక్కువ కాబట్టి కరెంటు దాదాపు పోదు, ఆవిరీ రాదు. అప్పుడు చిటికెడు ఉప్పు వేయాలి. చిటికెడంటే చిటికెడే. చెంచాడు వేస్తే బోరు నీళ్ల కథే మళ్లీ మొదలవుతుంది.

రెండో రకంలో అడుగున హీటర్ ప్లేటు ఉంటుంది. కరెంటు ప్లేటులోనే ఉండిపోతుంది, నీళ్లను తాకదు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. దీనికి క్యాన్ నీళ్లు, ఆర్ఓ నీళ్లే మంచివి. బోరు నీళ్లు పోస్తే నెల తిరగకముందే ప్లేటు మీద తెల్లగా గార కడుతుంది. వేడి నీళ్లదాకా చేరక ఆవిరి పలచబడుతుంది.

కాబట్టి షాపుకు వెళ్లేముందే మీ ఇంట్లో ఏ నీళ్లు వాడతారో తేల్చుకోండి. ఆర్ఓ మెకానిక్ దగ్గర నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపే టీడీఎస్ మీటర్ ఉంటుంది, ఈసారి సర్వీసుకు వచ్చినప్పుడు కుళాయి నీళ్లు కూడా చూడమనండి. తాగే నీళ్లలో ఈ లవణాలకు మన దేశ ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు. మీ నీళ్లు అంతకు బాగా పైన ఉంటే వాటిని ఎలక్ట్రోడ్ మిషన్‌లో పోసే ఆలోచనే వద్దు.

బడ్జెట్ ఎక్కడ పెట్టాలి?

ఎలక్ట్రోడ్ రకం సుమారుగా రెండు నుంచి నాలుగు వందల్లో దొరుకుతుంది. హీటర్ ప్లేటు రకం ఐదారు వందల నుంచి వెయ్యి దాటి కూడా ఉంటుంది. నన్నడిగితే, ఇంట్లో పెద్దవాళ్లో పిల్లలో ఉంటే ఆ రెండు మూడు వందలు ఎక్కువ పెట్టి ప్లేటు రకమే కొనండి. ఎలక్ట్రోడ్ మిషన్‌లో ప్లగ్గు పెట్టి ఉన్నంతసేపూ నీళ్లలో కరెంటు ఉంటుంది. ఆవిరి వస్తోందా లేదా అని మూత తీసి వేలు పెట్టి చూస్తే షాక్ కొడుతుంది. ఒంపితే ఒలికిన నీళ్లతో కూడా ప్రమాదమే. దానికున్న ఒక మంచి గుణం, నీళ్లు అయిపోగానే కరెంటు దారి తెగి దానంతటదే ఆగిపోవడం. ప్లేటు రకానికి ఆ గుణం పుట్టుకతో రాదు. అందుకే నీళ్లు అయిపోతే ఆటోమేటిగ్గా ఆగే కటాఫ్ ఉందో లేదో అడిగి మరీ తీసుకోవాలి. అది లేని ప్లేటు మిషన్ ఎంత తక్కువకిచ్చినా వద్దు.

ముఖానికో మాస్కు, ముక్కుకో మాస్కు, మూడు రంగుల గొట్టాలు ఇస్తామంటారు. వాటి కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. ముఖం మీద బిగుతుగా కూర్చునే మాస్కు కన్నా, అడుగు దూరంలో కూర్చుని పట్టుకునే ఆవిరే క్షేమం.

షాపులో చూడాల్సినవి

నెల్లూరు పొగతోటలో ఆసుపత్రుల చుట్టూ ఉన్న మెడికల్ షాపుల్లో ఇవి దొరుకుతాయి. ఒంగోలు, కావలి, కందుకూరులో కూడా పెద్ద మందుల షాపుల్లో అడగండి. ఆన్‌లైన్‌లో యాభై రూపాయలు తగ్గినా, మొదటిసారి కొనేవాళ్లు చేత్తో పట్టుకుని చూసి కొనడమే మంచిదని నా అభిప్రాయం. "ఒకసారి నీళ్లు పోసి పెట్టి చూపించన్నా" అని అడగండి. మొహమాటం వద్దు, మనం కొనేది మరిగే నీళ్ల పరికరం.

స్విచ్ వేశాక మూత వైపు చూడండి. ఆవిరి పై గొట్టంలోంచే రావాలి, మూత అంచుల్లోంచి కారకూడదు. మూత తిప్పి బిగించే రకమో, లాక్ పడే రకమో అయ్యుండాలి. ఊరికే నొక్కి పెట్టేదైతే మా అమ్మకు జరిగినట్టే జరుగుతుంది. తర్వాత అడుగు భాగం. బల్ల మీద పెట్టి వేలితో మెల్లగా నెట్టి చూడండి, వెడల్పుగా బరువుగా ఉండి ఊగకూడదు. చాలా మిషన్లు ఒరిగేది వైరు వల్లే. వైరు పొట్టిగా ఉంటే మంచం దాకా లాగి ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలిస్తాం, అటుగా వెళ్లేవాళ్ల కాలు తగులుతుంది. వైరు కనీసం మీటరున్నర ఉండాలి. మూడు పిన్నుల ప్లగ్గు, ఐఎస్ఐ గుర్తు ఉన్నది దొరికితే దానికే ఓటు. బిల్లు మీద తేదీ, షాపు ముద్ర వేయించుకోండి.

పేర్లు కలిసిపోతాయి, జాగ్రత్త

నెబ్యులైజర్ వేరు. అది ఉబ్బసం లాంటి జబ్బులకు డాక్టరు రాసిన మందును సన్నటి తుంపరగా చేసి ఊపిరితిత్తుల్లోకి పంపుతుంది. అందులో ఆకు కషాయం, జామాయిల్ నూనె పోయకూడదు. నూనె ఊపిరితిత్తుల్లో చేరితే న్యుమోనియా తెస్తుంది. ఇక ఆన్‌లైన్‌లో వేపరైజర్ అని వెతికితే ఎండు ఆకును వేడిచేసి పీల్చే జేబు పరికరాలు కూడా కనిపిస్తాయి. ఏదైనా పదార్థాన్ని వేడిచేసి పీల్చేందుకు తయారయ్యే ఎలక్ట్రానిక్ పరికరాల అమ్మకం, దిగుమతి, నిల్వలను 2019 నాటి ఈ-సిగరెట్ల నిషేధ చట్టం ఆపేసింది. చవగ్గా వస్తోందని వాటి జోలికి పోకండి.

ఆకులు ఎక్కడ వేయాలి?

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో జామాయిల్ తోటలకు కొదవ లేదు, వావిలి గట్ల మీద దొరుకుతుంది. ఆకు వాసన లేని ఆవిరి ఆవిరిలాగే ఉండదు చాలామందికి, నాకూ అంతే. కానీ ఆకును మిషన్ నీళ్లలో వేయకండి. తునకలు గొట్టానికి అడ్డంపడితే ఆవిరి మూతను తోసుకొస్తుంది. బామ్ వేస్తే జిడ్డు కడ్డీలకు పట్టి, ప్లాస్టిక్ పాడవుతుంది. కొన్ని మిషన్లకు పైన విడిగా చిన్న గిన్నె ఉంటుంది, ఆవిరి దాని మీదుగా పోతుంది. నలిపిన ఆకు అందులో వేసుకోవాలి. ఆ గిన్నె లేకపోతే నాలుగు జామాయిల్ ఆకులు నలిపి పలచటి గుడ్డలో కట్టి ఒళ్లో పెట్టుకోండి, వాసన చాలు.

కర్పూరం మాత్రం వద్దు. పసిపిల్లలకు కర్పూరం వల్ల ఫిట్స్ వచ్చే ప్రమాదముంది. రెండేళ్లలోపు పిల్లలకు కర్పూరం, మెంథాల్ ఉన్న బామ్‌లు కూడా రాయకూడదు. చిన్నపిల్లలకు అసలు మిషన్ ఆవిరే పట్టకండి. 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్నే ఐదారు సెకన్లలో లోతుగా కాలుస్తాయి, పిల్లల చర్మం ఇంకా పలచన.

ఆవిరి వల్ల ముక్కు తేలికపడుతుంది, కాసేపు హాయిగా ఉంటుంది. వైరస్‌ను మాత్రం చంపదు. జ్వరం మూడు రోజులు దాటినా, ఆయాసం వచ్చినా, పిల్లికూతలు వినిపించినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

వాడేటప్పుడు, వాడాక

మిషన్‌ను గోడ పక్కన బల్ల మీద పెట్టండి. ఒళ్లో, మంచం మీద వద్దు. గీత దాకానే నీళ్లు పోసి, మూత బిగించి, ఆ తర్వాతే ప్లగ్గు పెట్టండి. కళ్లు మూసుకుని ఐదు నుంచి పది నిమిషాలు చాలు. పొరపాటున కాలితే కుళాయి కింద మామూలు నీళ్ల ధార 20 నిమిషాలు పట్టండి. అమ్మకు మేం కంగారులో టూత్‌పేస్టు రాశాం. అది వేడిని లోపలే పట్టి ఉంచుతుందని, డాక్టరుకు గాయం సరిగా కనపడకుండా చేస్తుందని తర్వాత తెలిసింది.

అయిపోయాక ప్లగ్గు తీసి, పావుగంట చల్లారనిచ్చి, అప్పుడు మూత తిప్పండి. మిగిలిన నీళ్లు పారబోసి బోర్లించండి. వానాకాలంలో రోజూ వాడితే పదిహేను రోజులకోసారి నిమ్మరసం పిండిన నీళ్లు అరగంట నిల్వ ఉంచి కడగండి. గార మెత్తబడి గుడ్డతో తుడిస్తే వచ్చేస్తుంది. కత్తితో గీకితే ప్లేటు పూత లేచిపోతుంది.